రేటు దిగనీ

అక్క పోయిందని ఆవిడ కూతురు పాప ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో బీరకాయలకు చెక్కు తీస్తున్నాను.

"తెల్లారి లేవలేదు ఆంటీ. నిద్రలోనే పోయింది" అంది.

"వస్తున్నానమ్మా" అని ఫోన్ పెట్టేశాను. చెక్కును చెత్తబుట్టలో వేయబోయిన చెయ్యి మధ్యలో ఆగింది. ఆ చెక్కును నూనెలో మగ్గించి, పచ్చిమిరపకాయలూ చింతపండూ వేసి నూరితే ఇంటిల్లిపాదికీ ఒక పూట పచ్చడి అవుతుందని నాకు నేర్పింది ఆవిడే. తెల్లాపూర్‌లో ఈ పెద్ద అపార్ట్‌మెంటుకు వచ్చాక అలాంటి పచ్చడి ఒక్కసారీ చేయలేదు. చెక్కును గిన్నెలోకి తీసి మూతపెట్టి, చీర మార్చుకుని బయల్దేరాను.

అక్క అంటే నా తోబుట్టువు కాదు. తొంభైల చివర్లో, మా పెళ్ళయిన కొత్తలో, చందానగర్‌లో మేం అద్దెకున్న ఇంట్లో పక్క పోర్షన్ ఆవిడ. మా ఆయనకు మాదాపూర్‌లో కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. నేను భీమవరం దగ్గర పల్లెటూరి నుంచి నేరుగా ఆ ఇంట్లో దిగాను. ఒకే గోడకు అటు రెండు గదులు, ఇటు రెండు గదులు. ముందు ఉమ్మడి వాకిలి, వెనక ఉమ్మడి దండెం. వచ్చిన మర్నాడు పొద్దున బియ్యం కడిగిన నీళ్ళు వాకిట్లో పారబోస్తుంటే, పక్క గుమ్మంలోంచి ఒక పొడుగాటి, ఎముకల మనిషి బయటికి వచ్చి నిలబడింది.

"పారబోస్తాండావా?" అని అడిగింది.

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

"అవునండీ. కడుగు నీళ్ళే కదండీ."

"అట్లయితే ఈడ పొయ్యి" అంటూ గోడవారనున్న కరివేపాకు మొక్కను చూపించింది. "నీకూ నాకూ ఇద్దరికీ ఆకు వస్తాది."

అలా మొదలైంది మా పరిచయం. ఆవిడ చేతులు ఊరికే ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మన చేతిలో ఉన్న కాగితమో, దారమో, ఖాళీ కవరో తీసుకునేది. దాన్ని మోకాలి మీద పరిచి అరచేత్తో సాపు చేసేది. ముడతలన్నీ పోయేదాకా చేసి, నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకునేది. మన మాట పూర్తయ్యేసరికి ఆ వస్తువు ఆవిడది అయిపోయేది. పాల కవర్లు కడిగి దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేసేది. పప్పు సగం ఉడకగానే స్టవ్ ఆపి, మూత మీద రోకలి పెట్టి, "మిగిలింది ఆ వేడే ఉడికిస్తాది" అనేది. భర్త చొక్కా కాలరు అరిగితే కుట్టు విప్పి, తిరగేసి మళ్ళీ కుట్టేది. పాపకు గౌను కుట్టిస్తే అంచును లోపలికి మడతల మీద మడతలు పెట్టించేది. పాప ఎదిగినకొద్దీ ఒక్కో మడతా విప్పేది. విప్పిన చోటల్లా రంగు కొత్తగా, పైన వెలిసిపోయి ఉండేది. ఆ గౌను చూస్తే పాప ఏయే ఏడు ఎంత పొడుగు పెరిగిందో తెలిసిపోయేది.

ఆవిడ నోట ఎప్పుడూ ఉండే మాట ఒకటే. "రేటు దిగనీ."

ఏ కూరగాయైనా, ఏ పండైనా మార్కెట్లోకి మొదట వచ్చినప్పుడు కొనకూడదు. బండ్ల నిండా వచ్చి, అమ్మేవాళ్ళు కేకలు పెట్టే రోజున కొనాలి. ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు ఏడాదికి సరిపడా ఆ రోజున తేవాలి. చింతపండు కాలం వస్తే వీధిలో ఆడవాళ్ళందరినీ కూడగట్టి బస్తాల లెక్కన తెప్పించేది. మధ్యాహ్నాలు మా వాకిట్లో కూర్చుని అందరం గింజలు తీసేవాళ్ళం. ఎవరి వాటా వాళ్ళు పట్టుకుపోగా, ఆవిడ అదనంగా తెప్పించింది శుభ్రం చేసి కిరాణా కొట్లకు అమ్మేది. గింజలు కూడా పారేసేది కాదు, కొనేవాళ్ళుంటారని సంచిలో కట్టి ఉంచేది. పప్పుల పొడి, ఆవిడ చెనిక్కాయలనే వేరుశనగల పొడి దంచి ప్యాకెట్లు కట్టేది. గదుల్లో ఉంటూ కంప్యూటర్ కోర్సులు చేసే కుర్రాళ్ళకు ఆ పొడులే దిక్కు.

ఆ ప్యాకెట్లు ఇచ్చి వచ్చేది ఆవిడ భర్త. ఆయన్ని నేను బావగారు అనేదాన్ని. పటాన్‌చెరు వైపు ఏదో ఫ్యాక్టరీలో ఫిట్టరు. పొద్దుటి షిఫ్టు అయిపోయాక సైకిల్‌కు సంచి తగిలించుకుని మాదాపూర్ దాకా వెళ్ళేవాడు. అప్పట్లో ఆ దారంతా బండరాళ్ళూ పొదలూ. ఒకవైపు రాళ్ళు పేలుస్తుండేవాళ్ళు, ఇంకోవైపు అద్దాల మేడలు లేస్తుండేవి. తిరిగి వచ్చాక వాకిట్లో కూర్చుని ఆ మేడల గురించి చెప్పేవాడు. "లోపల ఎండాకాలం కూడా చలి పెడతాదంటమ్మా. బయట మేము మాడిపోతాంటే, వాళ్ళు స్వెట్టర్లు వేసుకుంటారంట" అని నవ్వేవాడు. నవ్వితే మనిషి మొత్తం కదిలేవాడు. తిండి ఇష్టం ఆయనకు. ఉన్నదాన్నే ఇష్టంగా తినేవాడు.

అక్కను పిసినారి అనేవాళ్ళు వీధిలో ఉండేవాళ్ళు. నేను అనలేకపోయాను. దానికి కారణం ఉంది.

నాకు మూడో నెల. ఒక మధ్యాహ్నం ఒంటరిగా ఉండగా కడుపులో నొప్పి మొదలై, చూస్తుండగానే చీర తడిసిపోయింది. గోడ మీద కొట్టాను. ఆవిడ వచ్చి చూసింది. రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో తెచ్చింది. బస్సు కూడా ఎక్కకుండా లింగంపల్లి దాకా నడిచి వెళ్ళే మనిషి, ఆటోవాడితో ఎంతని కూడా అడగలేదు. ఆసుపత్రిలో వాళ్ళు ఏది కట్టమంటే అది కట్టింది. బిడ్డ నిలవలేదు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా నా తల ఆవిడ ఒళ్ళోనే ఉంది. నుదుటి మీది జుట్టును అరచేత్తో వెనక్కి సాపు చేస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక, "మీకు చాలా ఖర్చు పెట్టించానక్కా" అన్నాను.

"అవసరానికి రేటు అడగరాదు మ్మా. ఆశకే అడగాల" అంది. అని నా మంచం పక్కనున్న మందుల కవరు తీసుకుని మోకాలి మీద పెట్టుకుంది.

అవసరం, ఆశ. లోకంలో ఉన్నవన్నీ ఆవిడకు ఈ రెండు బుట్టల్లో ఏదో ఒకదాంట్లో పడేవి. ఏది ఎందులో వేయాలో ఆవిడకు ఎప్పుడూ అనుమానం రాలేదు, ఆ ఎండాకాలం దాకా.

బావగారిది బనగానపల్లె పక్క పల్లె. చిన్నప్పుడు మామిడిపండు కొనుక్కుని తినాలన్న సంగతే తెలియదట ఆయనకు. తోటలో కింద పడినవి ఏరుకుని తినడమే. ఈ ఊరొచ్చాక అది కొనే వస్తువు అయిపోయింది. ప్రతి ఏడూ హైవే పక్క బండ్ల మీద తొలి పండ్లు కనబడగానే ఆయన ఇంటికొచ్చి చెప్పేవాడు. "ఏమే, వచ్చినాయి."

"రానీ. రేటు దిగనీ" అనేది అక్క.

"రంగు బాగుండాది."

"దిగినాక ఇంకా బాగుంటాది."

ఆయన మళ్ళీ ఒళ్ళంతా కదిలేలా నవ్వేవాడు. ఇద్దరికీ అది ఒక ఆట. తొలి వానలు పడి, బండ్లవాళ్ళు వదిలించుకోవాలని చూసే రోజుల్లో అక్క ఒక పెద్ద గంప నిండా తెచ్చేది. అప్పుడు ఆయన వాకిట్లో పీట వేసుకుని కూర్చునేవాడు. ఆవిడ తోలు తీసి, ముక్కలు కోసి అందిస్తుంటే తినేవాడు. ఆఖరున టెంకను చేతిలోకి తీసుకుని తెల్లబడేదాకా చీకేవాడు. మాకూ పిలిచి పెట్టేవాళ్ళు.

ఆ ఏడు కూడా ఆయన వచ్చి, "వచ్చినాయి" అన్నాడు. ఆవిడ "దిగనీ" అంది. ఆ వారంలోనే ఒక పొద్దున ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీ వ్యాన్‌లో ఇంటికి తెచ్చారు. తిరగేసి కుట్టిన కాలరున్న చొక్కా ఒంటిమీద ఉంది.

అక్క గట్టిగా ఏడవలేదు. ఆయన తల దగ్గర కూర్చుని చొక్కా ముడతలు సరిచేస్తూ ఉండిపోయింది.

మూడోనాడు సమాధి దగ్గర పాలు పోసి, ఆయనకిష్టమైనవి పెట్టాలి. ఊరి నుంచి వచ్చిన పెద్దలు గారెలు వండించారు, గుత్తివంకాయ చేయించారు. అన్నీ సర్దుతుండగా అక్క లేచి చెప్పులు వేసుకుంది.

"యాడికే? గడప దాటకూడదు నువ్వు" అంది వాళ్ళ మేనత్త.

ఆవిడ వినిపించుకోలేదు. నేను వెనకాలే వెళ్ళాను. తలకు నీళ్ళు లేవు, నుదుట బొట్టు లేదు. అలాగే హైవే దాకా నడిచింది. మామిడిపండ్ల బండి దగ్గర ఆగి, ఒక్కొక్క పండూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి పక్కకు తీయడం మొదలుపెట్టింది. బండివాడికి ఆవిడ బాగా తెలుసు.

"ఏందమ్మా, ఇయ్యాల బేరమే చేస్తలేవు? నేనింకా రేటు గూడ చెప్పలే" అన్నాడు.

"చెప్పాకు. తూకమెయ్యి" అంది.

అతను తూకం వేస్తూ, "సారు ఏడికి పోయిండు? రోజూ డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు ఈడ ఆగి, ఒక పండు చేతిల పట్టుకుని వాసన చూసి పోతుండె. రెండు మూడు దినాల సంది కనవడ్తలేడు" అన్నాడు.

అక్క చేతిలో పండు అలాగే ఉండిపోయింది. ఆయన రోజూ అక్కడ ఆగేవాడని ఆవిడకు తెలియదు. ఇంటికొచ్చి ఒకసారి చెప్పడమే తెలుసు. నేను బండివాడికి నెమ్మదిగా సంగతి చెప్పాను. అతను తూకం అయిపోయాక మరో పండు తీసి సంచిలో పెట్టాడు. అక్క చేతికొచ్చినంత డబ్బు బండి మీద పెట్టేసి, మిగిలింది తీసుకోకుండా నడిచింది.

సమాధి దగ్గర వాళ్ళ బంధువు ఒకాయన పండును గారెల పక్కన పెట్టబోతే అక్క వద్దంది.

"తోలుతో పెడితే తినడు. నేనే కోసియ్యాల" అంది.

బొడ్లోంచి చిన్న కత్తి తీసి అక్కడే మట్టిలో కూర్చుంది. ఎండ మాడిపోతోంది. అందరూ నిలబడి చూస్తున్నారు. ఆవిడ తొందరపడకుండా తోలు తీసి, ముక్కలు కోసి, ఆకు మీద వరసగా పేర్చింది. ఆఖరున టెంకను కూడా పక్కన పెట్టింది. "ఇంక చాలు తల్లీ, పదండి" అన్నాడు పెద్దాయన. ఆవిడ ఇంకో పండు తీసుకుంది. తెచ్చినవన్నీ కోసేదాకా ఎవరూ ఆమెను లేపలేకపోయారు.

కొన్ని వారాల తర్వాత, వాన పడుతున్న ఒక సాయంత్రం, ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. వీధిలో బండివాడు మామిడిపండ్లు చౌక చౌక అని అరుస్తూ పోతున్నాడు. ఆ కేక దూరమయ్యేదాకా ఆగి, అక్క అంది.

"ఆయనకు ఆ పండు అవసరమేమో మ్మా. నేను ఆశ అనుకున్న్యా."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతిలో సాపు చేయడానికి అప్పుడు ఏమీ లేదు.

ఆ తర్వాత అక్క మారింది. తన విషయంలో మాత్రం మారలేదు. అవే పాల కవర్లు, అదే రోకలి బరువు, మరింత బిగించి నడిపింది. పొడులు ఇంకా ఎక్కువ దంచింది. గచ్చిబౌలి వైపు కొత్తగా లేస్తున్న హాస్టళ్ళకూ మెస్సులకూ తనే మోసుకెళ్ళి ఇచ్చి వచ్చేది. మారింది పాప విషయంలో. పాప అప్పుడు తొమ్మిదో తరగతి. పాప కళ్ళు దేని మీద నిలిస్తే అది మర్నాటికి ఇంట్లో ఉండేది. రేటు అడిగేది కాదు, ఆగేది కాదు. సీతాఫలాలు తొలిసారి మార్కెట్‌కు వస్తే ఆ రోజే కొని, పాప తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేది. తను ఒక్క గింజ నోట్లో వేసుకునేది కాదు.

ఒకసారి ముగ్గురం బజారుకెళ్ళాం. ఒక దుకాణం అద్దం వెనక చిన్న సంగీతం కీబోర్డు ఉంది. పాప అక్కడ రెండు క్షణాలు ఆగింది. అంతే, నడిచి వచ్చేసింది. ఆ వారంలోనే ఆ కీబోర్డు వాళ్ళింట్లో బీరువా మీద ఉంది. అక్క చెవులకు కమ్మలు లేవు. బెజ్జాలు పూడకుండా వేపపుల్లలు పెట్టుకుంది.

"బాగుండాదా పాపా? నేర్చుకుంటావా?" అని అడుగుతోంది.

పాప వాళ్ళమ్మ చెవుల వైపు చూసింది. "బాగుందమ్మా" అంది. ఆ పిల్లకు సంగీతం మీద మోజేమీ లేదు. నల్లగా తెల్లగా ఉంటే చూసిందంతే. నాలుగు రోజులు టింగు టింగుమనిపించి గుడ్డ కప్పేసింది.

కొన్నాళ్ళకు పాప నా దగ్గరికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆంటీ, అమ్మ ముందర నన్ను ఇది బాగుందా అని అడగొద్దు."

"ఏమ్మా?"

"నాకు నచ్చిందని తెలిస్తే ఆగదు ఆంటీ. నేనేమన్నా చూస్తే, అది వెంటనే కొనకపోతే నాకేమో అయిపోతాదని భయం ఆమెకు. అందుకే నేను చూడటం మానేసినా."

తొమ్మిదో తరగతి పిల్ల, చాలా మామూలుగా చెప్పింది ఆ మాట. బజారులో నడిచేటప్పుడు నేల చూస్తూ నడవడం అలవాటు చేసుకుంది. మరుసటి ఎండాకాలం మామిడిపండ్లు వచ్చేనాటికి, "నాకు పడదమ్మా, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి" అంది. అక్క నమ్మింది. ఆ ఇంట్లోకి మళ్ళీ మామిడిపండు రాలేదు. మా ఇంట్లో మాత్రం ఆ పిల్ల తలుపు దగ్గరగా వేసుకుని తినేది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వెళ్ళేది.

ఆ తర్వాత మేం ఆ ఇల్లు ఖాళీ చేశాం. రాకపోకలు పండగలకూ శుభకార్యాలకూ పరిమితమయ్యాయి. పాప బాగా చదువుకుంది. గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. చందానగర్‌లోనే చిన్న ఫ్లాటు కొని తల్లిని తీసుకెళ్ళింది. పెళ్ళి చేసుకుంది, భర్త మంచివాడు. ఎప్పుడు వెళ్ళినా అక్క చేతిలో ఏదో ఒకటి ఉండేది, మడతపెడుతూ ఉండేది. "అమ్మా, ఇవాళ ఏం చేయమంటావు?" అని పాప అడుగుతుంటే, "ఏదైనా సరే. నాకేముంది" అనేది. అందరూ తిన్నాక గిన్నెల్లో ఏది మిగిలితే అది వేసుకుని తినేది. అన్నం మిగిలితే అన్నం, చారు మిగిలితే చారు. అదేమీ త్యాగంలా ఉండేది కాదు. అలాగే సుఖంగా ఉన్నట్టుండేది.

ఇప్పుడు ఆ మనిషి లేదు. మూడోనాడు నేను వెళ్ళేసరికి పాప ఒక్కతే వంటింట్లో ఉంది. పొయ్యి మీద రెండు గిన్నెలు, కింద ఇంకా ఎన్నో. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇన్ని వండావు?"

"పెద్దోళ్ళు అమ్మకేమిష్టమో అది పెట్టమన్నారు ఆంటీ." గరిట గిన్నెలో వదిలేసి నా వైపు తిరిగింది. "నాకు తెల్దు. మా ఆయన్ని అడిగినా. ఊర్లో అత్తనడిగినా. ఎవరికీ తెల్దు. మీకేమన్నా చెప్పిందా?"

నేను ఆలోచించాను. ఆ వాకిట్లో మేం కలిసి తిన్న మధ్యాహ్నాలన్నీ గుర్తు చేసుకున్నాను. బావగారికి ఏమిష్టమో తెలుసు. పాపకు ఏమిష్టమో తెలుసు. నాకు గర్భం పోయినప్పుడు నేనేం తినగలనో కనిపెట్టి వండి తెచ్చిన రుచి ఇప్పటికీ తెలుసు. అక్క దేన్నైనా ఇష్టంగా రెండోసారి వడ్డించుకోవడం నేను చూడలేదు.

"నాతో ఎప్పుడూ అనలేదమ్మా" అన్నాను.

"అందుకే నాకొచ్చినవన్నీ చేస్తాండా. ఇందులో ఏదో ఒకటి అయ్యుంటాది."

సంగటి, బంగాళాదుంప కూర, పప్పు, గుత్తివంకాయ, చింతపండు పులిహోర, గారెలు, బొబ్బట్లు, పెరుగన్నం. అన్నీ డాబా మీదికి మోశాం. మగవాళ్ళు సమాధి దగ్గర పాలు పోసి వచ్చాక, విస్తళ్ళు వేసి, ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం పెట్టి, పిట్టగోడ మీదా దాని కిందా వరసగా సర్దింది పాప. ఇంతింత ఎందుకని వచ్చినవాళ్ళు గొణుక్కుంటున్నారు. ఆమె అవేమీ పట్టించుకోలేదు. నన్ను చెయ్యి పట్టుకుని నీళ్ళ ట్యాంకు నీడలోకి లాక్కెళ్ళింది.

"ఏది ముందు తింటాదో చూడండి ఆంటీ. నేనూ చూస్తా."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ పిల్ల ఎందుకు అన్ని విస్తళ్ళు వేరువేరుగా వేసిందో. ఇద్దరం నిలబడ్డాం. దూరంగా కొత్త టవర్ల మీద క్రేన్లు తిరుగుతున్నాయి. చాలాసేపటికి ఒక కాకి వచ్చి పిట్టగోడ అంచున వాలింది. మెడ అటూ ఇటూ తిప్పింది. రెండడుగులు గెంతి పెరుగన్నంలో ముక్కు పెట్టింది.

"పెరుగన్నం" అంది పాప. నా చెయ్యి గట్టిగా నొక్కింది. "అమ్మకు పెరుగన్నం ఇష్టం ఆంటీ."

ఆ విస్తరే అంచుకు అన్నిటికన్నా దగ్గరగా ఉందని నేను చూశాను.

"అవునమ్మా" అన్నాను.